టీకాలపై సందేహాలు: ఖమ్మం అనుభవం

టీకాల గురించిన వదంతి ఒకటైనా మీ ఫోన్‌కు వచ్చే ఉంటుంది. ప్యాపిలి లాంటి మండల కేంద్రంలో ఉంటూ డిగ్రీ చదివేవారికి మరో బాధ్యత కూడా మీద పడుతుంది. ఇంట్లోవాళ్లో, పక్కింటివాళ్లో ఫోన్ తెచ్చి చూపించి, "ఇది నిజమేనాప్పా? నువ్వు చదువుకుంటాండావు కదా" అని అడుగుతారు. ఆ ప్రశ్నకు ఎలా సమాధానం చెప్పాలో ఈ భాగంలో ఒక నిజ సంఘటన ఆధారంగా చర్చిద్దాం.

2009 జులైలో ఉమ్మడి ఆంధ్రప్రదేశ్‌లోని ఖమ్మం జిల్లాలో హెచ్‌పీవీ టీకా కార్యక్రమం మొదలైంది. భద్రాచలం, కొత్తగూడెం, తిరుమలాయపాలెం మండలాల్లో 10 నుంచి 14 ఏళ్ల బాలికలు సుమారు 14,000 మందిని ఎంపిక చేశారు. హెచ్‌పీవీ ప్రధానంగా లైంగిక సంబంధం ద్వారా సోకే వైరస్. గర్భాశయ ముఖద్వార క్యాన్సర్లలో సుమారు 70 శాతానికి దీనిలోని 16, 18 రకాలే కారణం. వైరస్ సోకకముందు వేస్తేనే టీకా బాగా పనిచేస్తుంది కనుక ఆ వయసును ఎంచుకున్నారు. రాష్ట్ర ప్రభుత్వం, భారత వైద్య పరిశోధనా మండలితో కలిసి పాత్ అనే అమెరికా సంస్థ దీన్ని నిర్వహించింది. గుజరాత్‌లోని వడోదరలోనూ ఇలాంటి కార్యక్రమమే జరిగింది.

రెండు రాష్ట్రాల్లో కలిపి టీకా వేయించుకున్న బాలికల్లో ఏడుగురు చనిపోయారు. టీకా వల్లే పోయారన్న మాట పాకింది. 2010 ఏప్రిల్‌లో కేంద్రం కార్యక్రమాన్ని నిలిపివేసింది. తర్వాత విచారణ సంఘం ఆ మరణాలను పరిశీలించింది. పాముకాటు, నీట మునగడం, పురుగుమందు, మలేరియా వంటి కారణాలు బయటపడ్డాయి. టీకాతో సంబంధం ఉన్నట్లు కనబడలేదు.

ఇక్కడ కొంచెం ఆగి ఆలోచించండి. వేలమంది పిల్లలున్న ఏ ప్రాంతంలోనైనా ఏడాదిలో కొన్ని మరణాలు సంభవిస్తాయి. మన్యంలో మలేరియా బెడద సరేసరి. ఆ పిల్లలందరికీ టీకా వేశాక జరిగే ప్రతి మరణమూ 'టీకా తర్వాత' జరిగినదే అవుతుంది. 'తర్వాత' జరిగినది టీకా 'వల్ల' జరిగిందో లేదో తేలాలంటే టీకా వేయించుకోని పిల్లల్లో మరణాలు ఎన్నో చూసి పోల్చాలి. ఒక్కొక్క మరణానికి వైద్యపరమైన కారణాన్నీ వెతకాలి. మీకు వచ్చే సందేశాల్లో ఈ పోలిక దాదాపుగా ఉండదు.

ఇంతటితో ఆపితే మాత్రం సగమే చెప్పినట్టు. అనుమతి పత్రాలను పరిశీలిస్తే, 9,543 పత్రాల్లో 2,763 మీద తల్లిదండ్రులకు బదులు హాస్టల్ బాధ్యులు సంతకాలు చేసినట్లు తేలింది. బాలికల్లో చాలామంది ఆశ్రమ పాఠశాలల్లో, కన్నవారికి దూరంగా ఉన్నవారు. దుష్ప్రభావాలను నమోదు చేసే ఏర్పాటూ సరిగా లేదు. 2013 ఆగస్టులో పార్లమెంటరీ స్థాయీ సంఘం ఈ వ్యవహారాన్ని తీవ్రంగా తప్పుపట్టింది. చదువుకున్నవారు దీన్నంతా 'గిరిజనుల మూఢనమ్మకం' అని కొట్టిపారేయడం నాకు నచ్చదు. ఆ తల్లిదండ్రుల అనుమానానికి ఆధారం ఉంది. అయితే ఆ ఆధారం టీకా సీసాలో కాదు, సంతకాల కాగితాల్లో ఉంది. కనుక ఎవరైనా ఖమ్మం పేరెత్తితే 'టీకా ప్రమాదకరమా?', 'మమ్మల్ని అడిగే వేశారా?' అనే రెండు ప్రశ్నలను విడదీసి, రెండింటికీ జవాబు చెప్పండి. రెండోదాన్ని దాటవేస్తే మొదటిదానికి మీరిచ్చే జవాబును ఎవరూ నమ్మరు.

ఆ నిలిపివేత మరో అధ్యయనాన్నీ తాకింది. అంతర్జాతీయ క్యాన్సర్ పరిశోధనా సంస్థ అప్పటికి మన దేశంలో రెండు డోసులను, మూడు డోసులను పోల్చి చూస్తోంది. మధ్యలో ఆగిపోవడంతో వేలమంది బాలికలు ఒక్క డోసుతోనే మిగిలిపోయారు. వారిని ఏళ్ల తరబడి గమనిస్తే, 16, 18 రకాల వైరస్ శరీరంలో తిష్ఠ వేయకుండా ఒక్క డోసు కూడా దాదాపు అంతే రక్షణ ఇస్తోందని 2021లో వెలువడిన ఫలితాలు చూపాయి. ఒక్క డోసు కూడా చాలునని ప్రపంచ ఆరోగ్య సంస్థ 2022లో చెప్పడం వెనుక ఇలాంటి ఆధారాలున్నాయి.

ఇక యువతులను ఉద్దేశించి పుట్టిన వదంతి ఒకటి చూద్దాం. 18 ఏళ్లు నిండిన అందరికీ 2021 మే 1 నుంచి కోవిడ్ టీకా అనగానే, నెలసరికి ఐదు రోజులు ముందూ వెనకా వేయించుకోవద్దన్న సందేశం ఏప్రిల్‌లోనే తిరిగింది. దీనికి జవాబిచ్చేటప్పుడు వదంతిని ముందు వల్లించకండి. "నెలసరి రోజుల్లోనూ టీకా వేయించుకోవచ్చు" అని మొదలుపెట్టండి. రోగనిరోధక శక్తి వారాల మీద ఏర్పడుతుందని, ఆ కొద్ది రోజుల మీద ఆధారపడదని ఆ తర్వాత వివరించండి. టీకా తర్వాత నెలసరి సగటున ఒక రోజు లోపు ఆలస్యమై మళ్లీ సర్దుకున్నట్లు తదుపరి అధ్యయనాల్లో తేలింది. అదీ చెప్పండి. దాస్తే, ఆలస్యమైన అమ్మాయి మీ మిగతా మాటలను కూడా అబద్ధమే అనుకుంటుంది.

అభ్యాసం: టీకా గురించి మీ ఫోన్‌కు వచ్చిన ఒక సందేశాన్ని తీసుకోండి. అందులో 'తర్వాత' అన్నది ఎక్కడ 'వల్ల'గా మారిందో గుర్తించండి. మీ ఊరి ఆశా కార్యకర్తనో, ఏఎన్‌ఎంనో కలిసి, ఆ సందేశం గురించి తమను ఎవరెవరు ఏమడిగారో తెలుసుకోండి. తర్వాత మీ ఇంట్లో ఒకరికి చదివి వినిపించేలా అర పేజీ జవాబు రాయండి.