ఇల్లు ఖాళీయైన పిదప మరమ్మతుల వ్యాజ్యము

చేనిగట్టున ఎండ్రకాయ బొరియ పడిననాడు పిడికెడు మట్టి చాలును. అది గండియైననాడు బండెడు మట్టియు నిలువదు. అద్దె కిచ్చిన యిండ్ల, కొట్టముల మరమ్మతు తగవులును ఇట్టివే.

మన సభ్యుడొకరు తన పెంకుల కొట్టమును ఎరువుల వర్తకునకు గిడ్డంగిగా అద్దెకిచ్చెను. వర్తకుడు ఖాళీచేసిన పిదప చూడగా గోడలు ఉప్పురిసి పెచ్చులూడియుండెను, తలుపు విరిగియుండెను. యజమాని ధరావతు సొమ్మును బిగబట్టెను. వర్తకుడు, పైకప్పు తన సొమ్ముతో బాగుచేయించితినని చెప్పి, అదియు ధరావతును రావలెనని వ్యాజ్యము వేసెను. ఇరువురియొద్దను చీటి ముక్కయైన లేదు. వాయిదాలకు తిరుగుటలో పెట్టిన ఖర్చు తలుపు వెలను ఎన్నడో దాటినది. "అయ్యా, గోడ పోయినందుకు గాదు, పదేండ్ల స్నేహము పోయినందుకు విచారించుచున్నాను" అని యాయన నాతో ననెను.

ఈ విషయమున చట్టము చెప్పునది తెలిసికొనుట మేలు. 1882వ సంవత్సరపు ఆస్తి బదలాయింపు చట్టము 108వ సెక్షను ప్రకారము, వేరు ఒడంబడిక లేనిచో, అద్దెదారుడు ఆస్తిని తాను పుచ్చుకొన్నప్పటి స్థితిలోనే తిరిగి యొప్పగింపవలయును. వాడుకవలన గలుగు సహజమైన అరుగుదలకును, నివారింపరాని యుపద్రవమునకును అతడు బాధ్యుడు గాడు. అతని వలన గాని, అతని పనివారి వలన గాని చెడిన దానిని, యజమాని నోటీసు ఇచ్చిన 3 నెలలలో బాగుచేయింపవలయును. యజమాని తాను చేయవలసిన మరమ్మతును నోటీసు అందినను తగిన కాలములో చేయనిచో, అద్దెదారుడు తానే చేయించి, ఆ ఖర్చును వడ్డీతో అద్దెలో మినహాయించుకొనవచ్చును. తాను అమర్చిన వస్తువులను స్వాధీనము విడుచుటకు ముందే తీసికొనిపోవలయును.

ఒక్క హెచ్చరిక. ఈ నియమములు ఇండ్లకును గిడ్డంగులకును వర్తించును. సేద్యపు కౌళ్లకు మాత్రము, ప్రభుత్వము ప్రత్యేకముగా ప్రకటించిననే తప్ప, ఇవి వర్తింపవని అదే చట్టము 117వ సెక్షను చెప్పుచున్నది. కావున పొలము కౌలుకిచ్చువారు బావి పూడిక, గట్లు, మోటారు బాగు ఎవరి వంతో కౌలు పత్రములోనే వ్రాసికొనవలయును.

ఇక చేయదగిన పని. తాళపుచెవి ఇచ్చునాడే ఇరువురును కలిసి పైకప్పు, గోడలు, తలుపులు, నేల చూచి, ఉన్న స్థితిని రెండు ప్రతులుగా వ్రాసి సంతకములు చేయుడు. ఛాయాచిత్రములు తీసియుంచుట మరియు మంచిది. ఏ మరమ్మతు ఎవరిదో, ధరావతు ఎప్పుడు తిరిగి ఈయవలెనో వ్రాయుడు. సంవత్సరమునకు మించిన గడువైనచో పత్రమును రిజిష్టరు చేయింపుడు. అద్దెకును, మరమ్మతు ఖర్చునకును రశీదులు దాచుడు. ఖాళీచేయునాడు అదే జాబితా చేతబట్టి మరల చూడుడు.

ఇంతకు మునుపే తగవు కోర్టు కెక్కియున్నచో, లోక్ అదాలతు మార్గము కలదు. 1987వ సంవత్సరపు న్యాయసేవల ప్రాధికారముల చట్టము ననుసరించి, అచ్చట ఉభయుల సమ్మతితో నైన పరిష్కారము సివిలు కోర్టు డిక్రీతో సమానము. దానిపై అప్పీలు లేదు. కట్టిన కోర్టు ఫీజు తిరిగి వచ్చును.

పైజెప్పిన సభ్యుడు నేడు ఆ మార్గముననే వర్తకునితో మాటాడుచున్నాడు. సోదర కర్షకులారా, విత్తునాడే మొలకను పరీక్షించు మనము, అద్దెకిచ్చునాడే కాగితము వ్రాసికొనుటకు ఏల సంకోచింపవలయును? కాగితము అపనమ్మకమునకు గురుతు గాదు; అది స్నేహమునకు కట్టిన గట్టు.