కొలువున నిలుకడ

పిల్లనిచ్చునపుడు వరుని కొలువు "పర్మనెంటా?" యని యడుగుట సంగారెడ్డి ప్రాంతమున నేటికిని గలదు. తండ్రి ముప్పదియేండ్లు ఒకే కర్మాగారమున పనిచేసి విరమించినాడు. కుమారుడు ముప్పదవ యేటికే నాలుగవ యజమాని కడ నున్నాడు. పెద్దలు దీనిని చాపల్యమందురు; పిన్నలు ప్రయోజకత్వమందురు. నిజము ఈ రెంటికి నడుమ నున్నది.

రామచంద్రాపురమున చెకొస్లొవేకియా సాహాయ్యముతో 1960 దశకమున వెలసిన బి.హెచ్.ఇ.ఎల్. కర్మాగారము పనివారికి జీతముతోపాటు ఇల్లు, బడి, ఆసుపత్రి సమకూర్చినది. అట్టి కొలువు ఆనాడు మాన్యము వంటిది. దానిని విడుచువాడు వెఱ్ఱివాడనిపించుకొనెడివాడు. కాని మాన్యమునకును గండము గలదు. ఎద్దుమైలారము ఆయుధ కర్మాగారమున చేరినవారు తాము జీవితాంతము ప్రభుత్వోద్యోగులమని తలచిరి. 2021 అక్టోబరు 1న ఆయుధ కర్మాగారముల బోర్డు రద్దయి, ఆ కర్మాగారము ఆర్మర్డ్ వెహికల్స్ నిగమ్ అను కంపెనీలో చేరినది. పనివాడు కదలలేదు, యజమానియే మారెను.

ఇతర దేశముల పద్ధతు లెట్టివి? రెండవ ప్రపంచయుద్ధానంతరము జపానునందలి పెద్ద కంపెనీలు చదువు ముగించిన యువకుని చేర్చుకొని, వయస్సుతోపాటు జీతము పెంచుచు, విరమణవరకు నిలుపుకొనెడివి. కాని రుద్రారమున కర్మాగారము గల తోషిబాయే 2024లో జపానునందు 4,000 వరకు ఉద్యోగములు తగ్గింతునని ప్రకటించినది. అమెరికాలో 2024 జనవరి లెక్కల ప్రకారము, ఒక యజమాని కడ జీతగాండ్రు పనిచేసిన కాలము యొక్క మధ్యగత ప్రమాణము 3.9 ఏండ్లు మాత్రమే. డెన్మార్కున యజమాని పనివానిని సులభముగా తొలగింపవచ్చును. అయినను నిరుద్యోగ భృతియు, క్రొత్త పనికి శిక్షణయు వానికి లభించును. అచ్చట కొలువు పోయినను బ్రదుకు పోదు.

మన సీమలో కొలువు వీడు హక్కు ఊరక వచ్చినది కాదు. నిజాము రాజ్యమున అప్పునకు బద్ధుడైన భగేలా, దొరను విడిచిపోజాలకుండెను. వాని నిలుకడను విశ్వాసమని దొరలు పొగడినను, అది దాస్యమే. 1976 నాటి వెట్టిచాకిరి నిర్మూలన చట్టము నిషేధించిన పద్ధతులలో భగేలా పేరును గలదు. కావున తనయంతట కొలువు మార్చువానిని నిందించుటకు ముందు ఈ చరిత్రను స్మరింపవలెను.

అయినను దూరపు కొండలు నునుపు. 1972 నాటి చట్టము గ్రాట్యుటీకి అయిదేండ్ల అవిచ్ఛిన్న సేవ కోరినది. 2025 నవంబరు 21న అమలునకు వచ్చిన సామాజిక భద్రతా సంహిత, నిర్ణీతకాలపు ఉద్యోగికి ఏడాది సేవతోనే ఆ హక్కు నొసగినది. శాశ్వతోద్యోగికి అయిదేండ్ల నియమము నిలిచియే యున్నది. భవిష్యనిధి పింఛనుకు పదియేండ్ల సేవ వలయును. కొలువు మారినప్పుడెల్ల నిధిని తీసికొని వ్యయము చేయువాడు ఆ యేండ్లను పోగొట్టుకొనును. క్రొత్త యజమాని కడకు మార్పించుకొనువాడు నిలుపుకొనును. హెచ్చు జీతమునకై పోవు యువకుడు ఈ లెక్కయు చూచుకొనవలెను.

ఇంతకంటె శోచనీయమైన స్థితి గుత్తేదారుని క్రింద పనిచేయువానిది. వాడు అడుగకయే మార్పబడుచున్నాడు. 2025 జూన్ 30న పాశమైలారమున సిగాచి ఔషధ కర్మాగారపు ప్రేలుడులో నలువదిమందికి పైగా మరణించిరి. వారిలో పెక్కురు బీహారు, ఒడిశా మొదలగు ప్రాంతములనుండి పొట్ట చేతబట్టుకొని వచ్చినవారు. ఏండ్లతరబడి ఒకే యంత్రముకడ పనిచేసినను అసలు కంపెనీ పట్టీలో పేరుండని కూలివానికి నిలుకడ గలదందుమా? స్వేచ్ఛ గలదందుమా?

ఈ ప్రాంతమున భూములమ్మిన ఆసాములును, గదులద్దెకిచ్చు గృహస్థులును కర్మాగారములవలన లాభము పొందినవారే. తమ యింట కాపురమున్న పనివానికి నియామకపత్రము గలదా, భవిష్యనిధి సంఖ్య గలదా యని వారు విచారించుట పెద్ద శ్రమ కాదు. వరుని "పర్మనెంటా?" యని యడుగు మనము, ఈ ప్రశ్నను కర్మాగార యజమానిని గూడ అడుగ నేర్వవలెను.