పెరటి మల్బరీ నేర్పిన పాకం

కొన్నేళ్ల క్రితం ఈ టౌన్‌షిప్‌కు బదిలీపై వచ్చినప్పుడు, మాకు కేటాయించిన క్వార్టరుతోపాటు పెరటిలోని మల్బరీ చెట్టు కూడా మాకు సంక్రమించినది. హిమాలయ పాదసీమలో, సముద్రమట్టానికి సుమారు 600 మీటర్ల ఎత్తున ఉన్న ప్రాంతమిది. ఇక్కడివారు ఆ చెట్టును ‘షహతూత్’ అంటారు. మన హిందూపురం పరిసరాలలో మల్బరీ అనగానే పట్టుపురుగుల మేతే గుర్తుకు వస్తుంది. ఆకు కోసం తరచు కొమ్మలు కత్తిరించే ఆ తోటలలో పండుకు ప్రాధాన్యం లేదు. ఇక్కడ మాత్రం చెట్టు స్వేచ్ఛగా పెరిగి విరగకాస్తుంది.

ఏటా ఏప్రిల్, మే నెలలలో పండ్లు రాలి గచ్చు నిండా ఊదారంగు మరకలు పడేవి. ఆరవేసిన బట్టలకూ రక్షణ లేదు. విసిగి, చెట్టును కొట్టివేయించవలసిందిగా కోరుతూ దరఖాస్తు వ్రాశాము. అది చూసిన మా శ్రీమతి, “ఒక్క ఏడాది ఆగండి. పండ్లను నేలపాలు చేస్తున్నది మనమైతే, శిక్ష చెట్టుకా?” అన్నది. ఆ విధంగా మా ఇంట జెల్లీ ప్రయోగాలు ఆరంభమయ్యాయి.

మొదటి ఏడు, బాగా పండిన నల్లని పండ్లనే ఏరి వండాము. ఎంత చల్లారినా గట్టిపడక, సీసాలో షర్బతుగానే మిగిలినది. కారణం ఆ తరువాత బోధపడినది. జెల్లీ గట్టిపడాలంటే పెక్టిన్, ఆమ్లం, చక్కెర అనే మూడూ తగు పాళ్లలో ఉండాలి. పండు బాగా మాగేకొద్దీ తీపి పెరుగుతుంది. పెక్టిన్, పులుపు రెండూ తగ్గుతాయి.

రెండవ ఏడు ఆ లోపాన్ని సవరించి, కిలో పండ్లలో పావుకిలో ఎర్రని దోరకాయలు కలిపాము. నిమ్మరసం చేర్చాము. పుస్తకంలో చెప్పినట్లు థర్మామీటరు 105 డిగ్రీల సెల్సియస్ చూపేవరకు మరిగించాము. ఈసారి బంకవలె సాగి, కొద్ది రోజులలో చక్కెర పలుకులు కట్టినది. తప్పు పుస్తకానిది కాదు, మాది. ఆ సంఖ్య సముద్రమట్టం వద్ద నీరు 100 డిగ్రీలకు మరిగే చోటికి వర్తిస్తుంది. ఈ ఎత్తున నీరు సుమారు 98 డిగ్రీలకే మరుగుతుంది. కనుక ఇక్కడ 102, 103 డిగ్రీల మధ్యనే దించవలసినది. ముప్పై ఏళ్లుగా పనిముట్ల సున్నా సరిచూడనిదే కొలత తీసుకోరాదని కుర్రవారికి బోధించిన మేము, వంటింట్లో ఆ సూత్రమే మరచిపోయాము!

“గరిటె నుండి చుక్కలుగా కాక రేకుగా జారినప్పుడే దించమన్నాను కదండీ” అని శ్రీమతి గుర్తుచేసినది. అరిసెల పాకం పట్టిన చేతికి థర్మామీటరుతో పనిలేదు.

మూడవ ఏడు జెల్లీ చక్కగా కుదిరినది. ఆ పద్ధతి ఇది. మూడు వంతులు పండ్లు, ఒక వంతు దోరకాయలు కడిగి, స్టీలు గిన్నెలో కొద్ది నీటితో పావుగంట ఉడికించి మెదపాలి. పలుచని గుడ్డలో మూటకట్టి, రాత్రంతా వ్రేలాడదీయాలి. పిండితే జెల్లీ మసకబారుతుంది. లీటరు రసానికి 750 గ్రాముల చక్కెర, రెండు నిమ్మకాయల రసం చేర్చి, పెద్ద మంటపై త్వరగా మరిగించాలి. ఎక్కువసేపు కాచితే పెక్టిన్ విరిగిపోతుంది. మరిగించిన నీటిలో ఉంచి ఆరబెట్టిన సీసాలలో వేడిగానే నింపాలి.

పండిన పండుకు మాధుర్యం ఉన్నది. నిలబెట్టే బిగువు మాత్రం దోరకాయ ఇవ్వవలసినదే. మా సెక్షనులో క్రొత్తగా చేరిన యువకులను చూసినప్పుడల్లా ఈ మాట మనసులో మెదలుతుంది.

త్వరలో మా పదవీ విరమణ. క్వార్టరు అప్పగించక తప్పదు. నాటి దరఖాస్తును ఏనాడో చించివేశాము. వంటింటి అలమర తలుపు లోపలివైపు ఒక కాగితం అంటించి వెళ్లదలచాము. అందులో కొలతలు, ‘ఇక్కడ నీరు మరిగేది 98 డిగ్రీలకు’ అన్న హెచ్చరిక, చివరన ఒక విన్నపం: “మరకలు కడిగితే పోతాయి. దయచేసి ఒక్క ఏడాది ఆగండి.”