వేరే డిగ్రీ నుంచి హ్యుమానిటీస్‌కు: ముందు ఒక వ్యాసం రాయండి

ఇంజినీరింగో బీకామో పూర్తిచేసి, రెండు మూడేళ్లు ఉద్యోగం చేశాక సాహిత్యమో చరిత్రో చదవాలనిపించే వాళ్లు మన చుట్టూ ఉన్నారు. వాళ్లలో చాలామందిని ఫీజుల కన్నా ముందే ఆపేది ఒక సందేహం. ‘ఆ సబ్జెక్టులో డిగ్రీ లేదు, అచ్చయిన పేపరు లేదు, ఒక్క సెమినార్‌కైనా వెళ్లలేదు. నన్నెవరు తీసుకుంటారు?’ నిబంధనలు చాలాచోట్ల మీకు అడ్డు రావు. అనుభవం లేని లోటును తీర్చగలిగేది మీరు శ్రద్ధగా రాసుకున్న ఒక వ్యాసం.

నిబంధనలు ఏమంటున్నాయి?

హైదరాబాద్ కేంద్రీయ విశ్వవిద్యాలయం, జేఎన్‌యూ వంటి చోట్ల ఎం.ఏ.లో చేరడానికి 2022లో మొదలైన సీయూఈటీ-పీజీ పరీక్ష రాయాలి. ప్రశ్నలు 75. ఒప్పుకు 4 మార్కులు, తప్పుకు ఒక మార్కు కోత. రాష్ట్ర విశ్వవిద్యాలయాలకైతే తెలంగాణలో సీపీగెట్, ఆంధ్రప్రదేశ్‌లో ఏపీ పీజీసెట్ ఉన్నాయి. చరిత్ర, రాజనీతిశాస్త్రం వంటి ఎం.ఏ.లకు చాలాచోట్ల ఏ డిగ్రీ చేసినవారైనా అర్హులే. ఒక్కో కోర్సుకు ఒక్కో నియమం ఉంటుంది కాబట్టి నోటిఫికేషన్‌లో అర్హతల పేజీ మాత్రం తప్పకుండా చూసుకోవాలి.

పీహెచ్‌డీ విషయంలో యూజీసీ 2022 నిబంధనలు పెద్ద మార్పు తెచ్చాయి. నాలుగేళ్ల డిగ్రీలో 75 శాతం మార్కులున్నవారు ఎం.ఏ. లేకుండానే పీహెచ్‌డీకి అర్హులు. వాళ్లు తమ డిగ్రీ ఏదైనా నచ్చిన సబ్జెక్టులో నెట్ (జాతీయ అర్హత పరీక్ష) రాయొచ్చని 2024లో యూజీసీ చెప్పింది. బీటెక్ నాలుగేళ్ల డిగ్రీయే. అయితే అర్హత వేరు, సన్నద్ధత వేరు. సబ్జెక్టులో పునాది లేనివాళ్లకు రెండేళ్ల ఎం.ఏ. చేసి వెళ్లడమే మేలని నా అభిప్రాయం.

విదేశాల పద్ధతి వేరు. అమెరికాలో ఆ విభాగం ప్రొఫెసర్లే కూర్చుని దరఖాస్తులు చదువుతారు. మార్కుల జాబితాతో పాటు స్టేట్‌మెంట్ ఆఫ్ పర్పస్ (ఈ చదువు ఎందుకో చెప్పే ఉత్తరం), 10 నుంచి 20 పేజీల రైటింగ్ శాంపిల్ (మీ వ్యాసమే ఇది), సాధారణంగా మూడు సిఫారసు ఉత్తరాలు అడుగుతారు. ఈ మనిషి శ్రద్ధగా చదవగలడా, మంచి ప్రశ్న వేయగలడా, దాన్ని చివరిదాకా తర్కంతో నడపగలడా అన్నదే వాళ్లు వెతికేది. ఇక్కడి పీహెచ్‌డీ ఇంటర్వ్యూల్లోనూ పరిశోధన ప్రతిపాదనను చూసి అడిగేది దాదాపు ఇదే.

వ్యాసం ఎలా పుడుతుంది?

కొత్తవాళ్లు ఎక్కువగా చేసే పొరపాటు, విషయాన్నే ప్రశ్న అనుకోవడం. ‘కన్యాశుల్కంలో స్త్రీ పాత్రలు’ ఒక విషయం మాత్రమే. దాని మీద ఎన్ని పేజీలు రాసినా తేలేదేమీ ఉండదు. దాన్నే కొంచెం దగ్గరగా చూడండి. గురజాడ అప్పారావు నాటకం కన్యాశుల్కం మొదటి కూర్పు 1897లో, బాగా పెరిగి మారిన రెండో కూర్పు 1909లో వచ్చాయి. మొదటిదాంట్లో చిన్నదైన వేశ్య మధురవాణి పాత్ర రెండోదాంట్లో కథను నడిపించే స్థాయికి ఎదిగింది. ఆమెకు గురజాడ కొత్తగా ఇచ్చిన మాటలేవి? వేశ్యల ఊసే గిట్టని సంస్కర్త సౌజన్యారావును ఆ మాటలు ఎక్కడ ఇరుకున పెడతాయి? ఇవి ప్రశ్నలు. రెండు కూర్పుల్నీ పక్కపక్కన పెట్టుకుని, మారిన సంభాషణలను వరసగా రాసుకుంటే ఆధారాలు వాటంతటవే పోగవుతాయి. ఆ తర్వాత ఇదివరకటి విమర్శకులు ఏమన్నారో చదివి, వాళ్లతో ఎక్కడ ఏకీభవిస్తారో, ఎక్కడ విభేదిస్తారో చెప్పాలి. అక్కడితో అది పరిశోధన వ్యాసం అవుతుంది.

దీనికి విశ్వవిద్యాలయం గుర్తింపు కార్డు అక్కర్లేదు. వేటపాలెంలో 1918లో పుట్టిన సారస్వత నికేతనం గ్రంథాలయం, హైదరాబాద్‌లోని సుందరయ్య విజ్ఞాన కేంద్రం వంటి చోట్ల పాత పుస్తకాలు, పత్రికలు ఉన్నాయి. తెలుగు చదవగలగడమే ఇక్కడ మీ బలం. తెలుగు మూలాలను నేరుగా చదివి ఇంగ్లిష్‌లో వాదన నిర్మించగల అభ్యర్థి దక్షిణాసియా అధ్యయన విభాగాలకు అవసరమైన మనిషి.

స్టేట్‌మెంట్‌లో ఏం రాయాలి?

‘చిన్నప్పటి నుంచి నాకు పుస్తకాలంటే ప్రాణం’ అన్న వాక్యం కొట్టేయండి. ఆ మాట దరఖాస్తు చేసే ప్రతి ఒక్కరూ రాయగలరు. మీ ఉద్యోగంలోంచి పుట్టిన ప్రశ్న మీరొక్కరే రాయగలరు. తెలుగు మాటను అక్షరాల్లోకి మార్చే సాఫ్ట్‌వేర్‌ను పరీక్షించే ఉద్యోగం మీదనుకుందాం. పత్రికల భాషను అది ఇట్టే పట్టుకుంటోంది, శ్రీకాకుళం మాట దగ్గరా పాలమూరు మాట దగ్గరా తడబడుతోంది. ప్రామాణిక తెలుగు ఏదో ఎవరు, ఎప్పుడు నిర్ణయించారన్న ప్రశ్న అక్కడే మొదలవుతుంది. గిడుగు రామమూర్తి వ్యావహారిక భాషోద్యమం దాకా దాన్ని తీసుకెళ్లొచ్చు. ఇలా రాస్తే, ఉద్యోగం చేసిన ఏళ్లు మీరు కారణం చెప్పుకోవాల్సిన ఖాళీగా కనపడవు. తక్కువ మార్కులొచ్చిన సెమిస్టర్ ఉంటే కారణం ఒక్క వాక్యంలో చెప్పి ముందుకు వెళ్లండి.

సిఫారసు ఉత్తరాలు, గడువులు, డబ్బు

మీ హాజరు, మార్కులు తప్ప మరేమీ తెలియని ప్రొఫెసర్ ఉత్తరం పెద్దగా పనికిరాదు. కనీసం ఒకటైనా మీ రాత చదివినవారి నుంచి రావాలి. ఇగ్నోలోనో అంబేద్కర్ సార్వత్రిక విశ్వవిద్యాలయంలోనో ఒక కోర్సులో చేరి, అక్కడి అధ్యాపకులకు మీ వ్యాసం చూపించి సలహా అడగండి. మీ రిపోర్టులు, మీ పట్టుదల తెలిసిన ఆఫీసు మేనేజర్ కూడా ఒక ఉత్తరం రాయొచ్చు. ఎవరినైనా రెండు నెలల ముందే అడగండి. వ్యాసం, బయోడేటా, గడువు తేదీలు చేతికివ్వండి.

అమెరికా గడువులు ఎక్కువగా డిసెంబర్, జనవరి నెలల్లో ముగుస్తాయి. కాబట్టి వ్యాసం వేసవిలోనే మొదలుపెట్టాలి. అక్కడి మంచి పీహెచ్‌డీ కోర్సుల్లో ఫీజు మాఫీతో పాటు ఐదారేళ్లు స్టైపెండ్ ఇస్తారు. ఎం.ఏ.లకు ఆ సాయం అరుదు. ఇల్లు తాకట్టు పెట్టి విదేశీ ఎం.ఏ.కు వెళ్లొద్దని గట్టిగా చెబుతాను. చదువయ్యాక బోధన ఉద్యోగాలు తక్కువన్న నిజాన్ని ఇంట్లో దాచకుండా మాట్లాడండి. ఇక్కడ నెట్ ద్వారా జేఆర్‌ఎఫ్ (జూనియర్ రీసెర్చ్ ఫెలోషిప్) వస్తే 2023లో సవరించిన లెక్క ప్రకారం మొదటి రెండేళ్లు నెలకు 37,000 రూపాయలు అందుతాయి. దాన్ని బట్టి మీ లెక్క వేసుకోండి.

దరఖాస్తు రుసుం కట్టకముందే, ఉద్యోగం మానకముందే నాలుగు నెలలు ఆ ఒక్క వ్యాసం మీద కూర్చోండి. విసుగు పుడితే ఈ చదువు మీది కాదని పైసా ఖర్చు లేకుండా తెలుస్తుంది. ఆఫీసు నుంచి వచ్చాక కూడా దాన్ని తెరవాలనిపిస్తే, మీ దరఖాస్తులో అన్నిటికన్నా ముఖ్యమైన భాగం అప్పటికే సిద్ధమైనట్టు.