ఈస్టు మొగ్గ తొడిగే చోటు

తెల్లవారుజామున ఈతచెట్టు మీద నుంచి దించిన నీరా తియ్యగా ఉంటుంది. ఎండెక్కేసరికి నురగ కట్టి కల్లవుతుంది. లొట్టి అడుగున అంటుకున్న నిన్నటి మడ్డిలో ఈస్టు కణాలు ఉంటాయి మరి. బాక్టీరియా కూడా ఓ చెయ్యి వేస్తుందిగానీ నురగకు, మత్తుకు ఈస్టుదే పెద్ద వాటా. తిండికి లోటు లేకుండా, వెచ్చగా ఉంటే శాకరోమైసిస్ సెరివిసియే అనే ఈస్టు గంటన్నరకోసారి రెట్టింపు కాగలదు. ఆ చుక్కను సూక్ష్మదర్శిని కింద పెడితే బళ్లో గీసిన బొమ్మే కనిపిస్తుంది: గుండ్రటి కణం, దాని పక్కన బుల్లి మొగ్గ. మార్కుల కోసం ఆ బొమ్మ గీసినప్పుడు మొగ్గ అటువైపే ఎందుకుందని మనలో ఎవరమూ అడగలేదు. నేనైతే అడగలేదు.

కణవిభజన అనగానే పుస్తకాలు క్రోమోజోముల దగ్గరికి తీసుకుపోతాయి. అవి బారులు తీరి విడిపోవడం చూడముచ్చటగా ఉంటుంది, నిజమే. కానీ మొగ్గ ఎక్కడ వేయాలి, మధ్యన గోడ ఎప్పుడు లేపాలి, తల్లి సొత్తులో పిల్లకు ఏది చేరకూడదు అనే తగవులు చాలావరకు తేలేది పొలిమేరలో. అంటే కొవ్వు అణువులు పరుచుకున్న పలచని కణత్వచంలో, అందులో పాతుకుని ఉన్న ప్రోటీన్ల దగ్గర.

ఈస్టు కణం అడ్డంగా సుమారు అయిదు మైక్రాన్లు. మిల్లీమీటరులో రెండు వందల కణాలు వరసగా పడతాయి. త్వచం బయట గట్టి కణకవచం ఉంటుంది. మొగ్గ రావాలంటే ఆ కవచం ఒక్కచోటే మెత్తబడాలి, కొత్త సరుకంతా అక్కడికే చేరాలి. ఆ చోటును ముందే గుర్తు పెట్టేవాళ్లు ఉన్నారు. ఒకే వరస, అంటే 16 క్రోమోజోములున్న కణాల్లో ఆ పని ఏఎక్స్‌ఎల్2 అనే ప్రోటీనుది. త్వచాన్ని గుచ్చుకుని నిలబడుతుంది: ఒక కొస బయటికి, రెండో కొస లోపలికి. ఇల్లు కట్టే ముందు స్థలంలో ముగ్గు పోస్తారు చూడండి, అదే వ్యవహారం. లోపలి కొస దగ్గర బడ్1 అనే చిన్న ప్రోటీను మేల్కొంటుంది, అది సీడీసీ42 అనే మరో ప్రోటీనును పురమాయిస్తుంది, కూలీలంతా అక్కడ పోగవుతారు. ఫలితంగా కొత్త మొగ్గ పాత మొగ్గ ఊడిన చోటును ఆనుకునే వస్తుంది. ఈ ప్రోటీనుకు బడ్10 అని ఇంకో పేరు కూడా ఉంది. 1996లో రెండు బృందాలు విడివిడిగా పట్టుకుని చెరో పేరు పెట్టాయి.

దీన్ని తీసేస్తే కణం చచ్చిపోదు. శుభ్రంగా మొగ్గలు వేస్తుంది, కాకపోతే రెండు కొసల్లో ఎటో ఒకవైపు. రెండు వరసల క్రోమోజోములున్న కణాలకు అదే అలవాటు. అక్కడ గుర్తులు పెట్టేవి బడ్8, బడ్9 అనే వేరే త్వచ ప్రోటీన్లు. బడ్1ను కూడా తీసేస్తే మొగ్గ ఎక్కడ పడితే అక్కడ మొలుస్తుంది. గుర్తు చెరిపినా పని ఆగదు, చోటు మాత్రం మారుతుంది. నాకు ఈ ప్రయోగాల్లో అన్నిటికంటే నచ్చిన సంగతి ఇదే.

మొగ్గ పెరిగాక మెడ దగ్గర కంచె పడుతుంది. లీలండ్ హార్ట్‌వెల్ సియాటిల్‌లో 1970 ప్రాంతంలో వేడి తగిలితే విభజన మధ్యలో ఆగిపోయే ఈస్టు రకాలను ఏరి పెట్టాడు. 2001లో ఆయనకు దక్కిన నోబెల్ వాటాకు పునాది అదే. వాటిలో నాలుగింటి తీరు వింత: మొగ్గలు పొడుగ్గా సాగుతాయేగానీ తెగవు. లోపం ఉన్నది సెప్టిన్లు అనే ప్రోటీన్లలో. ఇవి త్వచంలో దిగబడవు, లోపలి ముఖానికి అంటుకుని మెడ చుట్టూ కడియంలా అల్లుకుంటాయి. త్వచం గట్టి గోడ కాదు, అందులో ప్రోటీన్లు నీటి మీది నాచులా కదులుతూ ఉంటాయి. సెప్టిన్ కడియం వాటిని అటూ ఇటూ సులువుగా దాటనివ్వదు. తల్లి త్వచం తల్లిది, పిల్ల త్వచం పిల్లది.

ఇక గోడ. దాన్ని లేపే తాపీ మేస్త్రీ సీహెచ్‌ఎస్2. త్వచాన్ని చాలాసార్లు అటూ ఇటూ కుట్టుకుంటూ పోయే పెద్ద ఎంజైము. పని కైటిన్ పోగులు అల్లడం. రొయ్య పెంకులో ఉండేదీ ఈ పదార్థమే. ఈ మేస్త్రీ ముందే తయారవుతాడుగానీ, క్రోమోజోములు విడిపోయేదాకా కణం లోపలి జాలంలో నిర్బంధంలో ఉంటాడు. తోకకు తగిలించిన ఫాస్ఫేటు గుర్తులే సంకెళ్లు. విభజన ముగింపుకు రాగానే అవి ఊడతాయి, ఎంజైము మెడ దగ్గరికి చేరి కొద్ది నిమిషాల్లో పలచని అడ్డుగోడ కట్టేస్తుంది. తర్వాత కణం ఆ ఎంజైమును లోపలికి లాగి అరిగించుకుంటుంది. ఇంత కట్టుదిట్టం ఎందుకంటే, తొందరపడి గోడ కడితే క్రోమోజోములు ఇరుక్కుంటాయి కదా. అమెరికాలో ఎన్రికో కాబిబ్ ఈ కైటిన్ గోడ మీద దశాబ్దాలు పనిచేశాడు. సీహెచ్‌ఎస్2 లేని కణాలు కూడా బతుకుతాయి, సీహెచ్‌ఎస్3 అనే దాయాది వచ్చి అడ్డదిడ్డంగా మందపాటి గోడ పోస్తుంది. ఇద్దరూ లేకపోతే మాత్రం చావే.

మన కణాలకు ఇలాంటి గోడ లేదు. డాక్టర్లకు అది పనికొచ్చింది. 2001లో అమెరికాలో అనుమతి పొందిన కాస్పోఫంగిన్ అనే మందు శిలీంధ్రాల త్వచంలో ఉండి, కవచంలోని మరో పదార్థమైన గ్లూకాన్‌ను అల్లే ఎంజైమును దెబ్బతీస్తుంది. మనిషిలో ఆ ఎంజైమే లేదు.

మళ్లీ ఈస్టు దగ్గరికి వస్తే, ఆ అడ్డుగోడను పిల్ల వైపు నుంచి కైటినేజ్ అనే ఎంజైము కరిగిస్తుంది, పిల్ల విడిపోతుంది. తల్లి మీద గుండ్రటి మచ్చ మిగులుతుంది. కాల్కోఫ్లోర్ అద్దకం వేసి చూస్తే మచ్చలు ఉంగరాల్లా మెరుస్తాయి. వాటిని లెక్కపెడితే తల్లి ఎన్ని కాన్పులు చూసిందో తెలుస్తుంది. 1959లో మార్టిమర్, జాన్‌స్టన్‌లు పుట్టిన ప్రతి పిల్లనూ సన్నటి సూదితో పక్కకు తప్పిస్తూ లెక్కగట్టారు: సగటున ఇరవై పైచిలుకు మొగ్గలు, ఆ తర్వాత తల్లి ఆగిపోతుంది. పిల్ల లెక్క మాత్రం మళ్లీ సున్నా నుంచే.

ముసలి తల్లికి పుట్టిన పిల్ల పసిదెలా అవుతుంది? ఒక జవాబు మళ్లీ త్వచంలోనే దొరికింది. పీఎంఏ1 అనే పంపు కణంలోని ఆమ్లాన్ని బయటికి తోడుతుంది. త్వచంలో చాలా ఎక్కువగా ఉండే ప్రోటీన్లలో ఇదొకటి. తల్లి వయసు పెరిగేకొద్దీ అది తల్లి వైపే పేరుకుంటుంది, కొత్త మొగ్గలో దాదాపు ఉండదు. సియాటిల్‌లోనే డేనియల్ గాట్‌ష్లింగ్ బృందం 2014లో దీని పర్యవసానం చూపించింది. పంపు జోరు వల్ల తల్లి రిక్తికలో, అంటే కణం లోపలి సంచిలో, ఆమ్లత తగ్గుతుంది. పంపు లేని పిల్లలో రిక్తిక మళ్లీ పుల్లబడుతుంది. పీఎంఏ1 పనిని కాస్త తగ్గిస్తే తల్లి ఆయుష్షు కూడా పెరిగింది. ఇక విడిపోయిన పిల్ల, తను తల్లి అయ్యే క్రమంలో సొంత పంపులు తయారుచేసుకుని త్వచంలో దింపుకుంటుంది. అవి మళ్లీ దాని దగ్గరే పోగుపడతాయి, దాని మొగ్గకు వెళ్లవు.