కట్నంలో పోయిన దీవుల పాట

స్కాట్లాండుకు ఉత్తరాన సుమారు 70 దీవుల గుంపు ఆర్క్‌నీ. 1468లో డెన్మార్క్, నార్వేల రాజు మొదటి క్రిస్టియన్ కూతురి కట్నం సొమ్ము సర్దలేక, ఈ దీవుల్ని కాబోయే అల్లుడైన స్కాట్లాండు రాజుకు తాకట్టు పెట్టాడు. మళ్లీ విడిపించుకున్నది లేదు.

నార్వే నుంచి ఆ దీవులకు ఓడలెక్కి వచ్చిన తొలి నార్స్ జనం గురించే బ్రిటిష్ స్వరకర్త పీటర్ మాక్స్‌వెల్ డేవిస్ 1977లో ‘వెస్టర్‌లింగ్స్’ అనే బృందగానం కట్టారు. మాటలు స్థానిక కవి జార్జ్ మెకే బ్రౌన్‌వి.

డేవిస్ పుట్టింది మిల్లుల ఊరు సాల్‌ఫర్డ్‌లో. 1970లో హోయ్ దీవి చూడ్డానికి వెళ్లి, అక్కడే బ్రౌన్‌ని కలిశారు. కొన్నేళ్లకు ఆ దీవిలోని రాక్‌విక్ లోయలో, కొండ అంచున ఉన్న పాత ఇంటిని బాగుచేయించుకుని కాపురమే పెట్టారు. అప్పటికే ఆ లోయ దాదాపు ఖాళీ. ఒడ్డున గుమ్మడికాయలంతేసి గుండ్రాళ్లు, ఇరువైపులా ఎర్రటి ఇసుకరాతి కొండలు. కాస్త దూరంలో సముద్రంలోంచి 137 మీటర్లు నిటారుగా లేచిన ఒంటి రాతిస్తంభం. డిసెంబరులో పగలు ఆరు గంటలే. కిటికీ మూసినా హోరు మాత్రం ఆగదు.

ఆ హోరుని ఆయన మాటల్లో పెట్టలేదు. పాటకీ పాటకీ మధ్య ‘సముద్ర దృశ్యాలు’ వస్తాయి. వాటిలో పదాలుండవు, ఉత్త గొంతులే. మన భజనలోలా అందరిదీ ఒకే వరస కాదు. సొప్రానో, ఆల్టో, టెనర్, బేస్ వర్గాలు ఒకేసారి వేర్వేరు వరసలు అందుకుంటాయి. వాద్యం తోడు లేదు కాబట్టి శ్రుతి జారితే పట్టిచ్చే దిక్కుండదు. ఇలాంటి గానంలో దీర్ఘస్వరం తెగకూడదంటే గాయకులు వంతులేసుకుని ఊపిరి తీసుకుంటారు. ఆ అతుకు శ్రోతకు తెలియనివ్వరు. నిజం చెప్పాలంటే, పాటలకన్నా ఈ మాటల్లేని చోట్లే సముద్రం ఎక్కువ వినిపిస్తుంది.

చివర్లో క్రైస్తవుల ‘పరలోక ప్రార్థన’ వస్తుంది, అదీ నార్న్ భాషలో. నార్వే వలసజనం తెచ్చిన భాష అది. తాకట్టు తర్వాత స్కాట్స్ ధాటికి నిలవలేక క్రమంగా అడుగంటింది. ఇప్పుడది ఇంటిభాషగా ఎవరికీ లేదు.

వినగానే నోటికి పట్టే సంగీతం కాదిది, ఆరితేరిన గాయకులకే పరీక్ష. అలాగని డేవిస్ దీవుల జనానికి దూరంగా ఉండిపోలేదు. 1977లోనే అక్కడ సెయింట్ మాగ్నస్ ఉత్సవం మొదలుపెట్టడంలో ముందున్నారు. రెండేళ్లకు బడిపిల్లలు పాడుకునేందుకు ‘కిర్క్‌వాల్ షాపింగ్ సాంగ్స్’ రాసిచ్చారు. అందులో సముద్రం ఊసు కాదు, కిర్క్‌వాల్ ఊళ్లో కొట్లకు వెళ్లే సరదా.