గాజుదారముతో అయస్కాంత క్షేత్రపు కొలత

1845వ సంవత్సరమున లండను రాయల్ ఇన్‌స్టిట్యూషనునందు మైకేల్ ఫారడే బరువైన గాజుముక్క నొకదానిని విద్యుదయస్కాంతముచెంతఁ బెట్టి, దానిగుండ ఒకే తలమునఁ గంపించు వెలుగును బంపెను. ఆ తలము కొంత తిరిగెను. ఆనాఁ డందువలన నెవరికిని కాసు లాభము లేదు.

నేఁడు కొన్ని విద్యుత్ సబ్‌స్టేషనులలో, లక్షల వోల్టుల తీగచుట్టును సన్నని గాజుదారమును జుట్టి, ఆ తిరుగుడునే కొలుచుచున్నారు. ప్రవాహము హెచ్చినకొలఁది తీగచుట్టునుండు అయస్కాంత క్షేత్రము హెచ్చును. దానితో వెలుగు తిరుగుడును హెచ్చును. పాతపరికరములలో రాగిచుట్లును నూనెయు నుండును. లోపలి విద్యుద్బంధకము చెడినచో నవి ప్రేలి, పనివారికిఁ బ్రాణాపాయము గలుగవచ్చును. గాజు విద్యుత్తును బోనీయదు. దానికి నూనెతోఁ బనిలేదు. అయితే వేడిమియు, దారపు వంపులును కొలతను జెఱచును. వానిని సరిదిద్దుటయే శాస్త్రజ్ఞులకుఁ గష్టమైన పని.

గాజుపోగుల కట్టగుండ బొమ్మను నడపవచ్చునని 1954లో లండనున నిరూపించినవారిలో పంజాబీయులగు నరీందర్ సింగ్ కపానీ యొకరు. మనవారికిఁ బ్రతిభ కొఱఁత లేదు. 765 కిలోవోల్టుల తీగలు సాగుచున్న మన దేశమున నిట్టి పరికరములు ఇచ్చటనే పుట్టవలెను. అందుకు ఫలమునకై తొందరపడక పరిశోధనాలయములను బోషింపవలెనని మేము కోరుచున్నాము. నాఁటిన యేఁటనే మామిడి కాయదని తోఁటలు పెంచువారికి వేఱుగఁ జెప్పవలయునా?